అల్సర్ రక్తం ఆగకపోతే: కాయిల్సా, కోతా?

గట్టుమీద_గిరి: మా మేనమామకు 71 ఏళ్లు. మోకాళ్ల నొప్పులకని ఏడాదిగా డైక్లోఫెనాక్ (అల్సర్ తెప్పించగల నొప్పి మాత్ర) మింగుతున్నారు. పోయిన నెల తారులా నల్లటి విరేచనాలయ్యి, కళ్లు తిరిగి పడిపోయారు. చిన్నపేగు మొదట్లో అల్సర్ అట. ఎండోస్కోపీలో క్లిప్పు వేశారు, మర్నాడు మళ్లీ రక్తం. రెండోసారి చేసినా ఆగలేదు. సర్జన్ గారు ఆపరేషన్ అన్నారు. మేం హైదరాబాద్ తీసుకెళ్లి, తొడ దగ్గర నుంచి రక్తనాళంలోకి కాథెటర్ (సన్నటి గొట్టం) పంపి, కారే నాళాన్ని మూసే కాయిల్స్ (చిన్న లోహపు తీగచుట్టలు) పెట్టించాం. ఇప్పుడు బాగానే ఉన్నారు. కానీ అంబులెన్స్‌లో నాలుగు గంటలు! మేం చేసింది తెలివా, మొండితనమా అని ఇంట్లో రోజూ గొడవే.

పాత_కత్తి: సర్జన్‌ని, మొండితనమనే అంటాను. పొట్ట తెరిస్తే రక్తనాళం కళ్లెదుట కనపడుతుంది, కుట్టేస్తాం. కాథెటర్ పద్ధతిలో మళ్లీ రక్తం కారడం ఎక్కువ. పైగా యాంజియోగ్రామ్ (రక్తనాళాల ఎక్స్‌రే) తీసే సమయానికి నిమిషానికి దాదాపు అర మి.లీ. అయినా కారుతుంటేనే లీకు కనిపిస్తుంది. ఆగి ఆగి కారే అల్సర్‌కి ఏం చేస్తారు?

సుధ_రేడియాలజీ: కత్తి గారూ, మళ్లీ కారడం ఎక్కువన్నది నిజమే, కాదనను. కానీ లీకు కనపడకపోయినా ఎండోస్కోపీలో వేసిన క్లిప్పు ఎక్స్‌రేలో మెరుస్తూ చోటు చూపిస్తుంది. అక్కడ అల్సర్ తొలిచేది ఎక్కువగా గ్యాస్ట్రోడుయోడినల్ ధమనినే (జీర్ణాశయానికీ చిన్నపేగు మొదటికీ రక్తం తెచ్చే నాళం). దానికి రెండు వైపుల నుంచీ రక్తం వస్తుంది కాబట్టి లీకుకి ఇవతలా అవతలా కాయిల్స్ పెట్టాలి. ఒక వైపే మూసి వచ్చేస్తే దొడ్డిదారిన మళ్లీ కారుతుంది. ఇదేం నిన్నటి ఫ్యాషన్ కాదు. అమెరికాలో రోష్, డాటర్, బ్రౌన్ 1972లోనే రాశారు. అప్పుడు కాయిల్స్ కాదు, రోగి సొంత రక్తపు గడ్డనే వాడారు. 71 ఏళ్ల మనిషికి పెద్ద మత్తు, పెద్ద కోత, ఆ తర్వాత న్యుమోనియా, కుట్లు విడిపోవడం... ఇవి లెక్కలో వేయరా?

పాత_కత్తి: వేస్తాను. మరి పేగు చచ్చుబడితే?

సుధ_రేడియాలజీ: జీర్ణాశయానికీ డుయోడినమ్‌కీ (చిన్నపేగు మొదటి భాగం) రక్తం వచ్చే చుట్టుదారులు చాలా ఉంటాయి, అక్కడ అరుదు. పెద్దపేగులో అయితే ఆ భయం నిజమే, అందుకే లీకుకి బాగా దగ్గరగా వెళ్లి మూస్తాం. నాళాలు ఎక్స్‌రేలో కనపడటానికి కాథెటర్‌లో పోసే మందు కిడ్నీలను దెబ్బతీయొచ్చు, అది కూడా చెప్పాలి.

కరీంనగర్_కోడలు: మా మామగారికి లివర్ పాడై రక్తపు వాంతులయ్యాయి. ఆయనకీ కాయిల్స్ అడగొచ్చా?

సుధ_రేడియాలజీ: అది వేరు కథమ్మా. అన్నవాహికలో ఉబ్బిన సిరలు పగిలితే కారేది ధమని రక్తం కాదు. ఎండోస్కోపీలో బ్యాండ్లు వేస్తారు.

పాత_కత్తి: గిరీ, అసలు సంగతి చెప్పలేదు. బయల్దేరేటప్పుడు బీపీ ఎంత?

గట్టుమీద_గిరి: ముందు 80 అండీ. రక్తం ఎక్కించాక 110కి వచ్చింది, అప్పుడే కదిలించాం. డాక్టర్ కూడా అంబులెన్స్‌లో వచ్చారు.

పాత_కత్తి: అయితే నా మాటలో సగం వెనక్కి తీసుకుంటున్నా. 80తోనే బయల్దేరి ఉంటే, హైదరాబాద్‌లో ఎంత గొప్ప కాథెటర్ ఉన్నా దారిలోనే పోయేవారు. హెచ్. పైలోరీ (అల్సర్ తెచ్చే బాక్టీరియా) పరీక్ష చేయించారా?

గట్టుమీద_గిరి: చేయించాం, రిపోర్ట్ రావాలి. ఈలోగా నిన్న మామయ్య దిండు కింద మళ్లీ డైక్లోఫెనాక్ స్ట్రిప్ దొరికింది. రెండు మాత్రలు ఖాళీ.