వీఎండీ ఉన్న యంత్రాల్లో సొంత విండోస్ ఇమేజ్: స్టోరేజ్ డ్రైవర్‌ను ఎక్కడెక్కడ చేర్చాలి?

ప్రశ్న: ల్యాబ్ నిర్వాహకుడు, అనంతపురం

నమస్కారం. అనంతపురంలో ఒక ఇంజినీరింగ్ కళాశాల కంప్యూటర్ ల్యాబుల నిర్వహణ చూస్తున్నాను. పైథాన్, జావా, సీ కంపైలర్, తెలుగు కీబోర్డు, ప్రింటర్ అమరికలు అన్నీ ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్, సాటా ఎస్‌ఎస్‌డీ ఉన్న ఒక డెస్క్‌టాప్‌లో సిద్ధం చేసుకుని, సిస్‌ప్రెప్‌తో జనరలైజ్ చేసి (ఆ ఒక్క యంత్రానికే చెందిన వివరాలు తీసేసి), విండోస్ 11 ఇమేజ్‌గా భద్రపరిచాము. విన్‌పీఈ (ఇన్‌స్టలేషన్ పనులకు వాడే చిన్న విండోస్) పెన్‌డ్రైవ్‌తో యంత్రం బూట్ కాగానే ఒక స్క్రిప్టు నడుస్తుంది. అది డ్రైవ్‌లోడ్ కమాండుతో ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అనే స్టోరేజ్ డ్రైవర్‌ను ఎక్కించి, డిస్క్‌పార్ట్‌తో డిస్కును విభజించి, డిస్మ్‌తో ఇమేజ్‌ను దించి, చివరగా బీసీడీబూట్‌తో బూట్ ఫైళ్లను రాస్తుంది. పాత యంత్రాలన్నింటిలో ఇది నిక్షేపంగా పనిచేస్తోంది.

కొత్తగా వచ్చిన రెండు రకాల యంత్రాల్లో మాత్రం రెండు రకాలుగా ఆగిపోతోంది. పదకొండో తరం ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో డిస్కు కనిపిస్తుంది, ఇమేజ్ నూరు శాతం దిగుతుంది, ఎర్రర్ ఏదీ రాదు. కానీ రీస్టార్ట్ అయ్యాక చుక్కలు కాసేపు తిరిగి, ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అంటూ బ్లూ స్క్రీన్ వస్తుంది. పన్నెండో తరం డెస్క్‌టాప్‌లలో అసలు డిస్కే కనిపించదు. డిస్క్‌పార్ట్‌లో ‘లిస్ట్ డిస్క్’ అని కొడితే డిస్క్ 0 అని ఒకే ఒక్క వరుస వస్తుంది, దాని పరిమాణం 29 జీబీ. అంటే అది మేము పెట్టిన పెన్‌డ్రైవే.

రెండు రకాల్లోనూ ఉన్నవి ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలు. బయోస్‌లో వాటి పేర్లు కనిపిస్తున్నాయి, వీఎండీ (ఎన్‌వీఎంఈ డిస్కులను తన కింద ఉంచుకునే ఇంటెల్ కంట్రోలర్) ఆన్‌లో ఉంది. వీఎండీని ఆఫ్ చేస్తే సరిపోతుందని కొందరు అంటున్నారు. అది ముట్టుకోకుండా, డ్రైవర్‌ను సరైన చోట చేర్చి ఈ సమస్యను తీర్చే పద్ధతి తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం: సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, కర్నూలు

మీరు ఒకే సమస్యగా రాసినా ఇవి రెండు వేరు వేరు సమస్యలండీ. ముందు ల్యాప్‌టాప్‌ల సంగతి చూద్దాం.

వీఎండీ ఆన్‌లో ఉన్నప్పుడు ఎన్‌వీఎంఈ డిస్కు విండోస్‌కు నేరుగా కనబడదు. అది వీఎండీ కంట్రోలర్ వెనక ఉంటుంది, ఆ కంట్రోలర్‌కు డ్రైవర్ దొరికితేనే డిస్కు బయటపడుతుంది. మీ స్క్రిప్టు డ్రైవ్‌లోడ్‌తో ఎక్కించిన డ్రైవర్ విన్‌పీఈ నడుస్తున్నంతసేపు మెమరీలో ఉంటుంది, అందుకే డిస్కు కనిపించింది, ఇమేజ్ కూడా దిగింది. అయితే దిగిన విండోస్‌లోకి ఆ డ్రైవర్ వెళ్లలేదు. మీరు ఇమేజ్ తీసిన డెస్క్‌టాప్‌లో వీఎండీయే లేదు కాబట్టి అందులో అది ఉండే అవకాశమూ లేదు. బూట్ లోడర్ ఫర్మ్‌వేర్ సాయంతో కెర్నల్‌ను (విండోస్ మూల భాగాన్ని) చదివేస్తుంది, ఆ తరువాత కెర్నల్ తన సొంత డ్రైవర్‌తో డిస్కును పట్టుకోవాల్సి వచ్చేసరికి ఏమీ దొరకక 0ఎక్స్7బి కోడుతో ఆగిపోతుంది. ఎక్స్‌పీ రోజుల్లో ఎఫ్6 నొక్కి ఫ్లాపీ పెట్టిన వారందరికీ ఈ కోడు పాత పరిచయమే.

మామూలు విండోస్ సెటప్‌లో ‘లోడ్ డ్రైవర్’ బటన్ ద్వారా ఇచ్చిన డ్రైవర్‌ను సెటప్ తానే కొత్త విండోస్‌లోకి కూడా చేరుస్తుంది. అందువల్ల ఆ పద్ధతికి అలవాటుపడినవారికి ఈ తేడా ఎప్పుడూ ఎదురుకాదు. మీలా ఇమేజ్‌ను స్క్రిప్టుతో దించేటప్పుడు ఆ పని మనమే చేయాలి. ఇమేజ్ దిగిన వెంటనే, రీస్టార్ట్‌కు ముందు, డిస్మ్‌లో ఇమేజ్ స్విచ్‌కు విండోస్ దిగిన డ్రైవ్‌ను, యాడ్‌డ్రైవర్‌తో పాటు ఇచ్చే డ్రైవర్ స్విచ్‌కు ఐఎన్‌ఎఫ్ ఫైళ్లు (డ్రైవర్ వివరాలుండే ఫైళ్లు) ఉన్న ఫోల్డర్‌ను చూపి, లోపలి ఫోల్డర్లను కూడా వెదకడానికి రికర్స్ స్విచ్ ఇవ్వండి. తరువాత అదే డ్రైవ్‌పై గెట్‌డ్రైవర్స్ నడిపితే, బయటినుంచి చేరిన డ్రైవర్లు ఓఈఎం0, ఓఈఎం1 వంటి పేర్లతో వస్తాయి. వాటిలో మీ స్టోరేజ్ డ్రైవర్‌ను గుర్తించి గెట్‌డ్రైవర్‌ఇన్ఫోతో అడగండి. ‘బూట్ క్రిటికల్’ ఎదురుగా ‘యెస్’ అని ఉంటే పని సవ్యంగా జరిగినట్టే.

ఇన్‌స్టాల్ విమ్ అనే ఇమేజ్ ఫైలునే మౌంట్ చేసి (ఫోల్డర్‌లా తెరిచి) డ్రైవర్‌ను శాశ్వతంగా అందులోనే పెట్టేయడం మరో మార్గం. ల్యాబులకు నేను దాన్ని సిఫారసు చేయను. రేపు పద్నాలుగో తరం యంత్రాలు వస్తే ఇమేజ్‌ను మళ్లీ మౌంట్ చేయడం, కమిట్ చేయడం (మార్పులను భద్రపరచడం) అనే తతంగమంతా మొదలవుతుంది. ఇమేజ్‌ను ఏ హార్డ్‌వేర్‌కూ కట్టుబడకుండా ఉంచి, డ్రైవర్లను పక్కన ఫోల్డర్లలో పెట్టుకోవడమే మేలు.

సమాధానం: కంప్యూటర్ సర్వీస్ షాపు, కడప

కర్నూలు వారు చెప్పినది సరిగ్గా ఉంది. డెస్క్‌టాప్‌ల విషయం నేను చెబుతాను. మీ పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ పదకొండో తరం నాటిదై ఉంటుంది. ఒక తరం వీఎండీ కంట్రోలర్ ఐడీ (గుర్తింపు సంఖ్య) మరో తరానికి ఉండకపోవచ్చు. ఆ ఐడీ ఐఎన్‌ఎఫ్ ఫైలులో లేకపోతే డ్రైవర్ ఎంత బాగున్నా ఆ యంత్రానికి అంటుకోదు. కంపెనీ విండోస్ ఇంకా చెరపని డెస్క్‌టాప్ ఒకటి మీ దగ్గర ఉంటే, డివైస్ మేనేజర్‌లో స్టోరేజ్ కంట్రోలర్స్ విభాగం తెరిచి చూడండి. సాధారణంగా ‘ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ వీఎండీ కంట్రోలర్’ అనే పేరు చివరనే ఆ సంఖ్య ఉంటుంది. పదకొండో తరం ల్యాప్‌టాప్‌లలో 9ఎ0బి, పన్నెండో తరంలో 467ఎఫ్ కనిపిస్తాయి. ఐఎన్‌ఎఫ్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఆ సంఖ్య కోసం వెదకండి. వర్షన్ నంబర్లు చూసి ఊహించడం కంటే ఇది నమ్మకమైన పరీక్ష.

సెటప్ ఆర్‌ఎస్‌టీ అనే ఈఎక్స్ఈ ఫైలును అలాగే పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే డ్రైవ్‌లోడ్‌కు గానీ డిస్మ్‌కు గానీ ఉపయోగం లేదు. దాన్ని వేరే యంత్రంలో ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్ స్విచ్‌తో నడిపి, వీఎండీ పేరున్న ఫోల్డర్‌లోని ఐఎన్‌ఎఫ్, సిస్, క్యాట్ ఫైళ్లు మూడూ కలిపి తీసుకోవాలి. రెండు తరాలవి వేరు వేరు ఫోల్డర్లలో ఉంచి, స్క్రిప్టులో రెండింటినీ వరుసగా లోడ్ చేయించండి.

మీ ప్రశ్నలో నన్ను అన్నింటికంటే కలవరపెట్టినది ఆ 29 జీబీ వరుస. ఇలాంటి స్క్రిప్టుల్లో ఎక్కువగా ‘సెలెక్ట్ డిస్క్ 0’, ‘క్లీన్’ అనే రెండు వరుసలు ఒకదాని వెంట ఒకటి ఉంటాయి. అసలు డిస్కు కనిపించనప్పుడు డిస్క్ 0 పెన్‌డ్రైవే కాబట్టి, క్లీన్ కమాండు మీ ఇమేజ్ ఉన్న పెన్‌డ్రైవ్‌నే తుడిచేస్తుంది. ముందుగా ‘డీటెయిల్ డిస్క్’ నడిపించి, అందులో టైపు యూఎస్‌బీ అని ఉంటే స్క్రిప్టు అక్కడే ఆగిపోయేలా ఒక షరతు పెట్టండి. ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ కింద ఉన్న ఎన్‌వీఎంఈ డిస్కు టైపు రెయిడ్ (పలు డిస్కులను కలిపి వాడే అమరిక) అని కనిపిస్తుంది, దానికి కంగారు పడనక్కరలేదు.

వీఎండీ ఆఫ్ చేయడం గురించి నా అభిప్రాయం కూడా చెబుతాను. ఒకే యంత్రమైతే, రెయిడ్ లేకపోతే, అదే సులువు. నా దగ్గరికి వచ్చే చాలా యంత్రాలకు నేను అదే చేస్తాను. ల్యాబులో మాత్రం వద్దు. వేసవి సెలవుల్లో మెయిన్ ఆపేసి నెలల తరబడి ఉంచిన డెస్క్‌టాప్‌లలో సీఆర్ 2032 బ్యాటరీ అయిపోతే బయోస్ మొదటి అమరికలకు వెళ్లిపోతుంది, వీఎండీ మళ్లీ ఆన్ అవుతుంది, కళాశాల తెరిచిన రోజున వరుసంతా బ్లూ స్క్రీన్లే ఉంటాయి. విండోస్‌లో డ్రైవర్ ఉంటే ఈ బెడద తప్పుతుంది.

ల్యాబ్ నిర్వాహకుడు, అనంతపురం

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇమేజ్ దించాక డ్రైవర్ చేర్చే వరుస పెట్టగానే ల్యాప్‌టాప్‌లు నేరుగా డెస్క్‌టాప్ వరకు వచ్చాయి. డెస్క్‌టాప్‌ల విషయంలో కడప వారి అంచనా నిజమైంది: మా ఐఎన్‌ఎఫ్‌లో 467ఎఫ్ లేదు. కంప్యూటర్ కంపెనీ సపోర్ట్ పేజీలో ఆ మోడల్‌కు ఇచ్చిన డ్రైవర్‌ను విప్పి చూస్తే అందులో ఆ సంఖ్య ఉంది. ఇప్పుడు డిస్కు కనిపిస్తోంది, ఇన్‌స్టలేషన్ కూడా పూర్తయింది. యూఎస్‌బీ షరతును కూడా స్క్రిప్టులో చేర్చాము.

ఒక సందేహం మిగిలింది. సెట్టింగ్స్ నుంచి రికవరీలోకి వెళ్లి కమాండ్ ప్రాంప్ట్ తెరిస్తే, అక్కడ లిస్ట్ డిస్క్‌లో ఎస్‌ఎస్‌డీ కనబడడం లేదు. విండోస్ మామూలుగానే నడుస్తోంది. దీన్ని పట్టించుకోవాలా?

సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, కర్నూలు

తప్పక పట్టించుకోవాలండీ. రికవరీ అంటే విన్‌ఆర్‌ఈ విమ్ అనే మరో చిన్న విన్‌పీఈ. దాని డ్రైవర్లు దానివే. విండోస్‌లో చేర్చినవి అక్కడికి వెళ్లవు. అది మెమరీలోకి ఎక్కి నడుస్తుంది కాబట్టి తెరుచుకోవడం వరకు తెరుచుకుంటుంది, కానీ స్టార్టప్ రిపేర్‌కు గానీ రీసెట్‌కు గానీ డిస్కు దొరకదు.

ఇమేజ్ దిగిన తరువాత ఆ ఫైలు విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32 కింద రికవరీ ఫోల్డర్‌లో ఉంటుంది. దాన్ని విడిగా మౌంట్ చేసి, రెండు తరాల డ్రైవర్లనూ చేర్చి, కమిట్ చేసి, మీ స్క్రిప్టు రికవరీ విభాగంలోకి ఈ మార్చిన ఫైలునే కాపీ చేసేలా చూడండి. ప్రతి యంత్రంలో ఈ పని చేయడం దండగ. ఒకసారి సిద్ధం చేసుకుని పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. డ్రైవర్లు చేరాక ఫైలు కొంత పెరుగుతుంది కనుక రికవరీ విభాగాన్ని బిగుతుగా కేటాయించవద్దు. 2024 జనవరిలో వచ్చిన విన్‌ఆర్‌ఈ అప్‌డేట్‌కు ఆ విభాగంలో 250 ఎంబీ ఖాళీ కావలసివచ్చి, అది లేని చాలా యంత్రాల్లో ఇన్‌స్టాల్ కాలేదు. నేనైతే 1 జీబీ ఇస్తాను. ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసిన యంత్రాల్లో రీఏజెంట్‌సీ కమాండుతో రికవరీని డిజేబుల్ చేస్తే విన్‌ఆర్‌ఈ ఫైలు మళ్లీ ఆ రికవరీ ఫోల్డర్‌లోకి వస్తుంది. అక్కడ మార్చిన ఫైలు పెట్టి, తిరిగి ఎనేబుల్ చేస్తే సరిపోతుంది.