ఆడియో ఇంటర్‌ఫేస్ పాడైతే కస్టమర్ కేర్ వాళ్ళు మీకు ఏం చేశారు? అనుభవాలు రాయండి

ఓరుగల్లు_గొంతు
అందరికీ నమస్తే. హనుమకొండలో ఇంట్లోనే ఒక గదికి పరుపులు, దుప్పట్లు కట్టి రికార్డింగ్ చేసుకుంటాను. జానపదాలు, బతుకమ్మ పాటలు పాడేవాళ్ళు వస్తుంటారు. ఎంగిలిపూల బతుకమ్మ ఇంకా నెల రోజులే ఉంది, పాట పండుగకు కనీసం పదిహేను రోజుల ముందు యూట్యూబ్‌లో పడకపోతే ఎవరూ వినరు, సరిగ్గా ఇప్పుడే నా ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే బాక్సు) మొదటి ఛానల్‌లో, అంటే మొదటి మైకు గుచ్చే చోట, చిటచిట మొదలైంది. నూనెలో ఆవాలు వేసినట్టు. అక్క పాట ఎత్తుకుని రెండు చరణాలు ఎంత బాగా పాడిందో, హెడ్‌ఫోన్‌లో విన్నాక నాకు ప్రాణం ఉసూరుమంది.

కంపెనీ వెబ్‌సైట్‌లో టికెట్ (ఫిర్యాదు) పెట్టాను. డ్రైవర్, అంటే బాక్సును కంప్యూటర్ గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్, తీసేసి మళ్ళీ వేయమన్నారు, వేశాను. మర్నాడు ఇంకొకరు, మళ్ళీ అదే మాట. మూడోసారి మూడో మనిషి, అదే మాట. ముందు నేను రాసింది ఎవరూ చదవలేదని అర్థమైంది. వారంటీ ఇంకా ఐదు నెలలు ఉంది. కంపెనీ పేరు రాయను, ఇక్కడ పేర్లు పెట్టి కొట్లాడుకోవడం నాకిష్టం లేదు. ఎవరికి రాశారు, ఏం అడిగారు, ఎన్ని రోజులు పట్టింది, అది చెప్పండి చాలు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

మానేరు_మైక్
అన్నా, ముందు నీ ఇంటర్‌ఫేస్ వచ్చిన అట్టపెట్టె తీసి చూడు. ఎమ్మార్పీ స్టిక్కర్ మీద దిగుమతి చేసినవాళ్ళ పేరు, అడ్రసు, కస్టమర్ కేర్ నంబర్ ఉంటాయి, అవి వేయాలని మన దేశంలో రూలే ఉంది. నువ్వు రాస్తున్నది తయారుచేసిన కంపెనీకి. చిన్న ఇంటర్‌ఫేస్‌ల విషయంలో నేను చూసినంతవరకు వాళ్ళు డ్రైవర్, సాఫ్ట్‌వేర్ సంగతి చూస్తారు, బాక్సు రిపేరు మాత్రం ఇక్కడి దిగుమతిదారు చేతిలో ఉంటుంది. నాకు ఈ తేడా తెలియక కరీంనగర్‌లో కూర్చుని ఇరవై రోజులు బయటి దేశానికి మెయిళ్ళు కొట్టాను.

ఇంకోటి. మా బావ అమెరికా నుంచి వస్తూ నాకు ఒక బాక్సు తెచ్చిచ్చాడు, ఇక్కడికంటే చవక అని. ఏడాది తిరగకముందే హెడ్‌ఫోన్ జాక్ పోయింది. ఇక్కడి వాళ్ళు సీరియల్ నంబర్ చూసి ఇది మేం అమ్మింది కాదన్నారు, అక్కడి వాళ్ళు కొన్న దేశంలోనే ఇవ్వాలన్నారు. చివరికి మళ్ళీ ఎవరో వెళ్తుంటే వాళ్ళ సూట్‌కేసులో పంపాను. మిగిలిన డబ్బు ఎంతో కానీ పోయిన కాలం మాత్రం నాలుగు నెలలు.

జగిత్యాల_మిక్సింగ్
టికెట్‌లో "నాయిస్ వస్తోంది" అని రాస్తే అవతల మనిషికి ఏం తెలుస్తుంది? ఆయనకు నీ గది వినపడదు కదా. ఆ చప్పుడే రికార్డ్ చేసి పంపు. నాకు నిరుడు పని చేసిన పద్ధతి ఇది, కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు కంప్యూటర్ తప్పా, బాక్సు తప్పా తేల్చుకోవాలి. డైరెక్ట్ మానిటర్ నాబ్ పూర్తిగా ఇన్‌పుట్ వైపు తిప్పి హెడ్‌ఫోన్‌లో విను. అప్పుడు గొంతు కంప్యూటర్ దాకా పోకుండానే నీ చెవిలో పడుతుంది. అప్పుడూ చిటచిట ఉంటే డ్రైవర్‌ని ఎన్నిసార్లు వేసినా లాభం లేదు. అక్కడ లేకుండా రికార్డింగ్‌లో మాత్రమే ఉంటే బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకు తీసుకునే శబ్దం ముక్క సైజు) చూడు. 64 శాంపిల్స్ దగ్గర పెట్టి ప్లగిన్లన్నీ (గొంతుకు ఎఫెక్టులు వేసే సాఫ్ట్‌వేర్లు) వేస్తే పాత ల్యాప్‌టాప్ తట్టుకోలేక టకటకమంటుంది. 256కు పెంచినా 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర బఫర్ ఒక్కదాని ఆలస్యం 5.8 మిల్లీసెకన్లే, పాడేవాళ్ళకు పెద్దగా తెలియదు. విండోస్‌లో కంపెనీ ఇచ్చిన ఏసియో డ్రైవర్ (ఆలస్యం తగ్గించే ఆడియో డ్రైవర్) కాకుండా ఏ బాక్సుకైనా పనిచేసే ఏసియో ఫర్ ఆల్ వాడుతుంటే అది కూడా ముందే మార్చు, లేకపోతే వాళ్ళ మొదటి జవాబు అదే అవుతుంది.

తర్వాత పది పది సెకన్ల ముక్కలు తియ్యి. ఏమీ గుచ్చకుండా ఒకటి. కేబుల్, మైకు పెట్టి 48 వోల్టులు (కండెన్సర్ మైకుకు బాక్సు ఇచ్చే కరెంటు) ఆపి ఒకటి. 48 వోల్టులు వేసి ఒకటి. అదే మైకు, అదే కేబుల్ రెండో ఛానల్‌లో పెట్టి ఒకటి. గెయిన్ (మైకు శబ్దం పెంచే నాబ్) అన్నిట్లో ఒకేచోట ఉండాలి. ఫైల్ పేరులోనే ఏది ఏంటో రాయి. ఎంపీ3 చేయకు, వేవ్ ఫైల్ అలాగే పంపు. కింద సీరియల్ నంబర్ ఫొటో, బిల్లు, ల్యాప్‌టాప్ ఏది, విండోస్ ఏది, డ్రైవర్ వెర్షన్ ఎంత, ఇప్పటిదాకా ఏమేం చేసి చూశావు, అన్నీ ఒకే మెయిల్‌లో. కొత్త టికెట్ తెరవకు, పాతదానికే జవాబు కొట్టు. నాకు తొమ్మిది రోజులు నానిన టికెట్ ఈ ఫైళ్ళు పంపిన రెండో రోజున కదిలింది.

కాజీపేట_బేస్
ల్యాప్‌టాప్ చార్జర్ పీకితే ఆగుతుందా?

రామగుండం_దరువు
కాజీపేట తమ్ముడు అడిగింది మామూలు ప్రశ్న కాదు. నాకు వచ్చింది చిటచిట కాదు, గుర్రుమని ఒకటే హమ్. దాని కోసం బాక్సు సర్వీసుకు పంపితే అంతా బాగానే ఉందని తిప్పి పంపారు, కొరియర్ ఖర్చు రెండు వైపులా నాదే. వాళ్ళ మీద చాలా కోపమొచ్చింది, ఇప్పుడనిపిస్తుంది వాళ్ళు చెప్పింది నిజమేనని. చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపితే హమ్ మాయం. మాది పాత ఇల్లు. ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే పెరట్లో ఎర్తింగ్ గుంత మే ఎండలకు పగుళ్ళిచ్చి ఎండిపోయి ఉంది. ఉప్పు, బొగ్గు కొత్తగా వేసి నాలుగు బిందెల నీళ్ళు పోశాం. సాయంత్రం మళ్ళీ పెట్టి వింటే హమ్ చాలావరకు దిగిపోయింది. అప్పటినుంచి ఎండాకాలం వారానికోసారి మా అమ్మ తులసికి పోసినట్టే దానికీ ఒక బిందె పోస్తుంది. మన దిక్కు ఎండలకు ఇది అందరూ చూసుకోవాల్సిన సంగతి.

ఓరుగల్లు_గొంతు
చార్జర్ పీకి చూశాను తమ్ముడూ, తేడా లేదు. డైరెక్ట్ మానిటర్‌లో కూడా వినపడుతోంది. రాత్రికి ఆ ముక్కలు రికార్డ్ చేస్తాను.

సిరిసిల్ల_సౌండ్
వారంటీ అయిపోయినవాళ్ళ కోసం నా మాట. యూఎస్‌బీ పోర్టు వదులై బాక్సు ఆగి ఆగి పనిచేసేది. సర్వీస్ సెంటర్ వాళ్ళు బోర్డు మొత్తం మార్చాలన్నారు, ఆ రేటుకు ఇంకొంచెం వేసుకుంటే కొత్తదే వస్తుంది. హైదరాబాద్ కోఠిలో టీవీ బోర్డులు బాగుచేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళాను. భూతద్దం కింద పెట్టి నాకే చూపించాడు, పోర్టు కాళ్ళ చుట్టూ టంకం వెంట్రుకంత సన్నగా ఉంగరంలా పగిలింది. మళ్ళీ టంకం పెట్టి మూడొందలు తీసుకున్నాడు, రెండేళ్ళయింది, ఇప్పటికీ నడుస్తోంది. అయితే వారంటీ ఉన్నప్పుడు మాత్రం స్క్రూ మీద చెయ్యి వేయొద్దు. మా ఫ్రెండు విప్పాడు, సీలు చిరిగిందని వారంటీ ఇవ్వలేదు.

పెద్దపల్లి_వాయిస్
నాకు మంచే జరిగింది, అది కూడా చెప్పాలి కదా. నేను ఆడియో పుస్తకాలు చదువుతాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బాక్సు, సీరియల్ నంబర్ మొదటి ఓనర్ పేరు మీదే ఉంది, రిజిస్టర్ కాలేదు. కంపెనీకి రాస్తే ఆయనతో ఒక మెయిల్ పెట్టించమన్నారు, అదే రోజు నా పేరుకు మార్చారు. ఇంగ్లండ్ ఆఫీసు కాబట్టి ఎండాకాలంలో మన మధ్యాహ్నం ఒకటిన్నరకు వాళ్ళకు తొమ్మిదవుతుంది, ఆ టైముకు రాస్తే సాయంత్రానికి జవాబు వచ్చేది. పొద్దున రాస్తే పాత మెయిళ్ళ కింద పడిపోతుంది.

దిగుమతిదారు ఫోనే ఎత్తకపోతే 1915కు కాల్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం వచ్చాక మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా సరే. ఐదు లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. రెండేళ్ళ లోపు వేయాలి. నేను అక్కడిదాకా పోలేదు, మా అన్న ఫ్రిజ్ విషయంలో వెళ్ళాడు. బిల్లు లేనిదే ఏదీ నడవదు, థర్మల్ పేపర్ బిల్లయితే ఆరు నెలల్లో అక్షరాలు ఎగిరిపోతాయి, కొన్నరోజే ఫొటో తీసి పెట్టుకోండి.

ఓరుగల్లు_గొంతు
జగిత్యాల అన్న చెప్పినట్టే చేశాను. 48 వోల్టులు ఆపితే నిశ్శబ్దం. వేస్తే మొదటి ఛానల్‌లో మాత్రమే చిటచిట, అదే మైకు రెండో ఛానల్‌లో శుభ్రంగా ఉంది. నాలుగు ఫైళ్ళు పాత టికెట్‌కే పంపి, అట్టపెట్టె మీది దిగుమతిదారుకు కూడా అదే మెయిల్ పెట్టాను. ఈసారి నన్ను డ్రైవర్ గురించి అడగలేదు.

జగిత్యాల_మిక్సింగ్
అయితే ఆ ఛానల్‌లో 48 వోల్టులను అడ్డుకునే కెపాసిటర్లు లీకవుతున్నట్టున్నాయి, అక్కడ ఇది తరచూ వచ్చే జబ్బే. నేను బోర్డు చూడలేదు, నమ్మకంగా వాళ్ళే చెప్పాలి. బాక్సు పంపేదాకా కండెన్సర్ మైకు రెండో ఛానల్‌లో పెట్టి పాడించు, మొదటిదాంట్లో డైనమిక్ మైకు పెడితే 48 వోల్టుల అవసరమే లేదు. అయితే కొన్ని బాక్సుల్లో 48 వోల్టుల బటన్ రెండింటికీ ఒకటే ఉంటుంది, నీది అలాంటిదైతే ఒక్క ఛానల్‌తోనే లాగించు.

ఓరుగల్లు_గొంతు
నాది ఒకటే బటన్ అన్నా. ఇందాకే దిగుమతిదారు నుంచి ఫోన్ వచ్చింది, ఒక అమ్మాయి, హిందీలో మాట్లాడింది. ఫైళ్ళు విన్నామని, మూడో ఫైల్లో స్పష్టంగా తెలుస్తోందని తనే చెప్పింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది, ఇన్నాళ్ళకు ఒక మనిషి విన్నది. హైదరాబాద్ కలెక్షన్ పాయింట్‌కు చేర్చమన్నారు, మూడు వారాలు పడుతుందట. పండుగ ముందు మూడు వారాలు బాక్సు లేకుండా ఎట్లా అని ఆలోచిస్తున్నాను. పండుగ అయ్యాక పంపితే ఒప్పుకుంటారా?

మానేరు_మైక్
ఇప్పుడే పంపు. వాయిదా వేస్తే మళ్ళీ మొదటినుంచి అడుగుతారు. ఆర్టీసీ కార్గోలో వేయి, చుట్టూ రెండు వేళ్ళ మందాన స్పాంజి పెట్టు, లోపల టికెట్ నంబర్ రాసిన కాగితం వేయడం మరచిపోకు.

కాజీపేట_బేస్
అన్నా, నా దగ్గర రెండు ఛానళ్ళ బాక్సు ఉంది, దసరా దాకా నాకు పని లేదు. రేపు సాయంత్రం ఆరింటికి హనుమకొండ బస్టాండు కార్గో కౌంటర్ దగ్గరికి తెస్తాను. నీది అక్కడే వేసేసి నాది తీసుకుపో. కేబుల్ నీది తెచ్చుకో, నాది కొంచెం పొట్టిగా ఉంటుంది.