‘విరిసంబున’లో ఆ ‘రి’ సంగతి తేల్చండి

హన్మకొండ:
మూడు వారాలుగా ఒక్క అక్షరం నన్ను వదలడం లేదు. నాన్న మిర్చి, పత్తి ఏనుమాముల మార్కెట్టుకు తోలిన పాత పికప్పు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. దాని మూడో గేరు నిలిచేది కాదు. ఎత్తు ఎక్కుతుంటే టక్కున న్యూట్రల్‌లోకి జారిపోయేది. ములుగు రోడ్డులోని ఒక షెడ్డులో ఆ నాలుగు గేర్ల బాక్సు దింపించి, అయిదు గేర్లది ఎక్కించాం. ఇన్‌పుట్ షాఫ్టు పళ్లు క్లచ్ ప్లేటులోకి సాఫీగా జారాయి గానీ, కొత్త బాక్సు పొడుగు కావడంతో ప్రొపెల్లర్ షాఫ్టు కోయించి పొట్టి చేయించాల్సి వచ్చింది. అంతా బిగించాక నేను తాళం తిప్పబోతే మెకానిక్ చెయ్యి పట్టుకుని ఆపాడు. బాక్సులో ఇంకా చుక్క నూనె లేదు.

ఆ క్షణాన నాన్న నోటి పద్యం గుర్తొచ్చింది:

ఇరుసున కందెన బెట్టక
పరమేశ్వరు బండియైన బారదు సుమతీ

పై రెండు పాదాలు నాకు ‘కరణముల ననుసరింపక / విరిసంబున దిన్న తిండి వికటించు జుమీ’ అని గుర్తు. నాన్న మాత్రం ‘విరసంబున’ అనేవారు. ఏది సరైనది? ఇంకొకటి: కందెన అంటే ఇరుసుకు పూసే జిడ్డు కదా, గేరు నూనెను కూడా అలా అనవచ్చా?

జనగామ:
విరసంబే, సందేహం లేదు. సరసానికి ఎదురు మాట విరసం. ఊరి లెక్కలు రాసే కరణంతో పొసగకుండా తిన్న తిండి ఒంటికి పట్టదని భావం. ముందున్న ‘వి’లోని ఇకారం పక్క అక్షరానికి పాకి ‘రి’ అయింది. తెలుగు నోటికి అది సహజమే, అంతమాత్రాన పాఠం కాదు.

కరీంనగర్:
మాస్టారూ, అంత తొందరగా కొట్టేయకండి. విరియడం, విరివి మన మాటలే. ‘విరిసంబున’ అంటే విరివిగా అని ఎందుకు కాకూడదు? లెక్క రాసేవాణ్ణి పక్కనపెట్టి పొలం రాబడి విరివిగా తిన్నవాడికి ఒకనాడు అది అరగదు. ‘వికటించు’ అన్న మాటకు బలం వచ్చేది అప్పుడే. తిండి వికటించేది ఎక్కువ తింటేనే కదా. ఛందస్సు కూడా మీ పక్షాన లేదు. ‘విరసం’, ‘విరిసం’ రెండూ సగణాలే. ప్రాసకు, అంటే పాదంలో రెండో అక్షరానికి, రేఫ (ర) చాలు, యతి ‘వి’కీ ‘వి’కీ కుదిరింది.

జనగామ:
ఛందస్సు నా పక్షాన లేకపోతే మీ పక్షానా లేదు. విరియు నుంచి ‘విరివి’ వచ్చింది, ఒప్పుకుంటాను. ‘సంబు’ ఎక్కడి నుంచి వచ్చింది?

పరకాల:
విరిగిన మనసుతో తిన్న తిండి అని మా తాతయ్య చెప్పేవారు. దాన్ని ఎవరూ పట్టించుకోరేం?

జనగామ:
అది ‘విఱుగు’ అండీ, బండి ఱ. కరణము, పరమేశ్వరుల మధ్య ప్రాసస్థానంలో దాన్ని కూర్చోబెట్టలేం. ఈ ఒక్కదాన్ని మాత్రం ప్రాసే తేల్చేసింది.

హుజూరాబాద్:
రెండో ప్రశ్న అలాగే ఉండిపోయింది. బడిలో భౌతికశాస్త్రం చదివినవారికి కందెన అంటే రాపిడిని తగ్గించే ఏ పదార్థమైనా. ఆ లెక్కన గేరు నూనె నిస్సందేహంగా కందెనే. మా ఇంటి ఎడ్లబండి కింద ఒక వెదురు గొట్టం వేలాడేది. లోపల ఆముదం, కాల్చిన గడ్డి మసి, పుల్లకు చుట్టిన గుడ్డపేలిక. చక్రం తీసి ఇరుసుకు పట్టిస్తే మోచేతి దాకా నలుపు అయ్యేది. నాకు కందెన అంటే ఇప్పటికీ ఆ వాసనే.

హన్మకొండ అన్నా, కొత్త బాక్సులో ఏ నూనె పోశారు? డబ్బా మీద చిక్కదనం 80డబ్ల్యూ-90 అని ఉంటే సరిపోదు, రకం జీఎల్-4 అని ఉందో లేదో చూడండి. జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన మందు ఎక్కువ. పాత బాక్సుల్లో గేర్లు సాఫీగా కలిసేలా చేసే ఇత్తడి సింక్రో రింగులను అది తినేయగలదు. పక్కనున్న బిరడా రంధ్రం నుంచి నూనె బయటికి కారడం మొదలయ్యేదాకా పోయాలి.

హన్మకొండ:
జీఎల్-4 పోశాం, బిరడా దాకా నింపాం. పాత బాక్సు నూనె పళ్లెంలోకి వంచినప్పుడు అందులో పసుప్పచ్చని మెరుపు కనిపించింది. మెకానిక్ రెండు వేళ్ల మధ్య రాసి చూపించాడు, బంగారు రజను అంటినట్టుంది. ఇత్తడి పొడి అన్నాడు. అరిగి రాలిందో, తగని నూనె తిన్నదో చెప్పలేం. నాకు మాత్రం ‘తిన్న తిండి వికటించు’ అన్న మాట ఆ పళ్లెంలోనే కనిపించింది.

పాలకుర్తి:
ఇరుసు, కందెన, తిండి! ఒక్క మాటా నిఘంటువు తెరిపించదు. మా సోమనాథుడు ‘సరసమై పరగిన జానుదెనుంగు’ అన్నది ఇలాంటి తెలుగునే. పండితుల గద్యపద్యాల కంటే అందరికీ అందే ద్విపదే మేలని బసవపురాణాన్ని అలా నడిపించిన మనిషి ఆయన. ఆ పాదంలో కూడా ‘సరసము’ ఉంది చూడండి. సరసమనే మాట అంతగా వాడుకలో ఉన్న భాషలో దాని జంట విరసమే అవుతుంది. నా ఓటు జనగామ వారికి.

కరీంనగర్:
సోమనాథుడి మీద నాకూ అంతే ప్రేమ. కానీ ఆయన పద్యానికి సాక్ష్యం చెప్పడానికి రాలేదు. అసలు బిగువు నాలుగో పాదంలో ఉంది. పరమేశ్వరు బండి అంటే త్రిపురాలను కాల్చడానికి ఎక్కిన రథం. భూమి రథం, సూర్యచంద్రులు చక్రాలు, వేదాలు గుర్రాలు, బ్రహ్మ సారథి. తమిళనాడులోని అచ్చరపాక్కం స్థలపురాణం ప్రకారం, వినాయకుణ్ణి కొలవకుండా బయల్దేరినందుకు ఆ రథం ఇరుసు విరిగింది. తమిళంలో ‘అచ్చు’ అంటే ఇరుసు. వినాయకుణ్ణి కొలవని శివుడి బండి, కరణాన్ని కొలవని రైతు తిండి, రెండూ ఒకే తూకం.

వరంగల్ కోట:
శివుడి బండి అంటే నంది అనే ఇన్నాళ్లూ అనుకున్నాను. వేయిస్తంభాల గుడి ముందు నల్లరాతి నందిని చూస్తూ పెరిగినవాణ్ణి. నందికి ఇరుసు ఉండదు కాబట్టి మీ రథమే సరి. కరణం అనే మాట మాత్రం మన ఊళ్లలో పద్యాల్లోనే ఎక్కువ వినిపించేది, నోట పట్వారీయే. అందుకే మనవాళ్లు ఈ పద్యాన్ని ఇరుసు దగ్గర నుంచే గుర్తుపెట్టుకున్నారు.

జనగామ:
హన్మకొండ వారూ, ఇవాళ పొద్దున్న పద్యం గట్టిగా చదివి చూశాను. నా నోటా ‘విరిసంబున’ అనే వచ్చింది. అయినా రాసేటప్పుడు విరసంబే రాస్తాను. మీ నాన్నగారు ఈ పద్యం ఎవరి దగ్గర నేర్చుకున్నారో కనుక్కోగలరా?