తూటాల ఇత్తడి కేసులను ప్రతిసారీ అనీల్ చేయాలా, నాలుగుసార్లకు ఒకసారి సరిపోతుందా?

టెక్సాస్_308:
నాది 308 రైఫిల్. కాల్చిన కేసులను, అంటే తూటాల ఇత్తడి గొట్టాలను, ఇంట్లోనే మందు, బులెట్ పెట్టి మళ్ళీ లోడ్ చేసుకుంటాను. నాలుగు లోడింగులకు ఒకసారి చేతి గ్యాస్ టార్చ్‌తో మెడ (బులెట్ కూర్చునే పైభాగం) వేడి చేసి మెత్తబరుస్తాను, అదే అనీల్ చేయడం. మొన్న ఏడోసారి లోడ్ చేసిన యాభై కేసుల్లో మూడింటికి మెడ నిలువునా చీలింది. బులెట్ కూర్చోబెడుతుంటే ఒకటి సులువుగా దిగుతోంది, ఇంకొకటి బిగువుగా. రేంజ్‌లో పక్క బెంచీ ఆయనేమో ప్రతిసారీ చేయాల్సిందే అంటాడు. నిజమేనా?

కంచరివీధి:
నిజమే తమ్ముడూ. మా తాతగారు ఇత్తడి బిందెలు కొట్టేవారు. సుత్తి దెబ్బలకు రేకు గట్టిపడుతుంది, గట్టిపడ్డాక ఇంకా కొడితే పగులుతుంది. అందుకే మధ్యమధ్యలో కొలిమిలో పెట్టేవారు. నీ కేసుదీ అదే ఇత్తడి: 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు. పేలినప్పుడు మెడ ఉబ్బుతుంది, సైజింగ్ డై అనే అచ్చు దాన్ని మళ్ళీ పాత కొలతకు నొక్కుతుంది. ప్రతి రౌండుకూ కాస్త గట్టిపడుతూనే ఉంటుంది. నాలుగుసార్లు ఆగావంటే నాలుగు రకాల మెడలతో కాల్చినట్టే. బిగువులో తేడా అక్కడిదే.

లోహశాస్త్రం:
గట్టిపడటం గురించి అన్న చెప్పింది అక్షరాలా నిజం. కానీ చేతి టార్చ్‌తో ప్రతిసారీ చేయమనడం నాకు నచ్చలేదు. మెడ మెత్తబడాలి, అడుగు మాత్రం గట్టిగానే ఉండాలి. 308లో ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్ల దాకా ఉండొచ్చు. అడుగు మెత్తబడిన కేసు ఆ ఒత్తిడికి తెగితే వేడి గ్యాసు నేరుగా మొహం మీదికి వస్తుంది. చేత్తో ఎన్నిసార్లు చేస్తే అన్నిసార్లు పొరపాటుకు అవకాశం. ఒక కేసు మంటలో మూడు సెకన్లు, ఇంకొకటి ఆరు సెకన్లు ఉంటే మెడలు ఒకేలా ఎలా వస్తాయి? 750 ఫారన్‌హీట్ దగ్గర కరిగే రంగు ద్రవం దొరుకుతుంది. దాన్ని మెడ లోపల రాసి చూసుకోండి. మెడ ఎర్రగా మెరిసేదాకా ఉంచకండి.

నీళ్ళలో ముంచితేనే మెత్తబడుతుందని కొందరు నమ్ముతారు. ఇత్తడికి అలాంటిదేమీ లేదు. నీళ్ళు వేడిని కిందికి పాకకుండా ఆపుతాయి, అంతే.

ఇంతకీ టెక్సాస్ గారూ, కేసులను దేనితో శుభ్రం చేస్తున్నారు?

టెక్సాస్_308:
మెరుపు కోసం ఇత్తడి పాలిష్ వాడతాను. ఇప్పుడే డబ్బా తీసి చూశాను. అందులో అమోనియా ఉంది.

లోహశాస్త్రం:
దయచేసి ఈ రోజే ఆపేయండి. బ్రిటిష్ వాళ్ళ కాలంలో మన దేశంలోనే ఇది జరిగింది. వానాకాలం గుర్రపుశాలల్లో దాచిన తూటాలు ఎవరూ ముట్టకుండానే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియానే కారణమని 1921లో తేల్చారు. మీ చీలికలకు గట్టిపడటంతో పాటు ఇది కూడా తోడై ఉండొచ్చు.

కంచరివీధి:
ఇది నాకు తట్టలేదు, మంచి మాట చెప్పావు. కానీ అమోనియా కొరికేది లోపల బిగువు దాగిన ఇత్తడినే కదా? ప్రతిసారీ అనీల్ చేసి ఉంటే ఆ బిగువే ఉండేది కాదు.

లోహశాస్త్రం:
అనీల్ అయ్యాక మళ్ళీ డైలో నొక్కుతాం, బులెట్ బిగిస్తాం. ఆ బిగువు మళ్ళీ వచ్చేస్తుందన్నా. అది లేకపోతే మెడ బులెట్‌ను పట్టుకోలేదు.

కంచరివీధి:
ఒప్పుకున్నాను. అయినా ప్రతిసారీ అన్న మాట మీదే ఉంటాను. చెయ్యి కుదరకపోతే సమయం లెక్కపెట్టే మెషిన్ కొనుక్కోమంటాను, పని మానేయమనను.

టెక్సాస్_308:
చీలిన మూడూ చెత్తలో పడేశాను. మిగతా 47 కేసులను కూడా నమ్మలేను. ఒకే లాట్‌లో కొత్తవి యాభై తెప్పిస్తున్నాను. ఇరవై అయిదింటికి ప్రతిసారీ, మిగతా ఇరవై అయిదింటికి నాలుగుసార్లకు ఒకసారి అనీల్ చేస్తాను. అన్నింటికీ ఆ రంగు ద్రవం వాడతాను, పాలిష్ బదులు సబ్బునీళ్ళు. 600 గజాల దగ్గర రెండు రకాలూ కాల్చి, బులెట్లు ఎంత దగ్గరదగ్గరగా పడ్డాయో కొలిచి ఇక్కడే పెడతాను.