పీసీఓఎస్ ఉన్నప్పుడు అండోత్సర్గ కిట్‌ను నమ్మవచ్చునా?

ప్రశ్న: నాకు పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సక్రమంగా విడుదల కాని సమస్య) ఉంది. నెలసరి ఒకసారి 35 రోజులకు, మరోసారి 60 రోజులకు వస్తున్నందువల్ల గర్భం కోసం ఏ రోజులలో ప్రయత్నించాలో తెలియడం లేదు. అండం విడుదలయ్యే రోజులను ఇంట్లోనే మూత్రపరీక్షతో చూసుకునే కిట్ ఈసారి మూడు వేర్వేరు వారాలలో పాజిటివ్ చూపింది. దేనిని నమ్మాలి?

జవాబు 1: పూర్తిగా దేనినీ నమ్మలేమండీ. ఆ కిట్ అండం విడుదలకు ముందు మూత్రంలో పెరిగే ఎల్‌హెచ్ హార్మోన్‌ను మాత్రమే గుర్తిస్తుంది; పీసీఓఎస్ ఉన్న చాలామందిలో ఆ హార్మోన్ ముందునుంచే ఎక్కువగా ఉంటుంది గనుక, అండం విడుదల కాకపోయినా పాజిటివ్ రావచ్చు. ఆరు నెలలు ఆ గీతలు చూసుకుంటూ గడిపిన నాకు మిగిలింది ఆదుర్దా ఒక్కటే. అండం విడుదలైనదీ లేనిదీ తెలిపేది, అండం విడుదలయ్యాక పెరిగే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్‌ను చూసే రక్తపరీక్ష. దానిని నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కిస్తే 21వ రోజున చేయించాలన్న లెక్క 28 రోజుల చక్రానికే సరిపోతుంది. మీవంటి వారికి తరువాతి నెలసరికి సుమారు ఏడు రోజుల ముందు చేయాలి, ఆ తేదీని ఊహించలేము కాబట్టి వారానికొకసారి చేయవలసి రావచ్చు.

జవాబు 2: తేదీల లెక్క వదిలి, రెండు మూడు రోజులకొకసారి కలిస్తే చాలునని మా డాక్టరుగారు చెప్పారు.

జవాబు 3: నెలసరి ఇంత క్రమం తప్పినప్పుడు ఏడాదిపాటు వేచి చూడనవసరం లేదు, ఇప్పుడే వైద్యులను కలవండి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాల ఉత్పత్తికి తోడ్పడే హార్మోన్) పరీక్షలతో పాటు మీవారి వీర్యపరీక్ష కూడా ముందే చేయించడం మంచిది. మా ఇంట్లో దానిని చివరికి వాయిదా వేశాము. అండం విడుదలకు సాధారణంగా మొదట ఇచ్చే మందు లెట్రోజోల్; దానిని వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలి.