రెండో సంకేతం తాళంచెవా, తూము షట్టరా?

నల్లగొండ జువాలజీ లెక్చరర్:
రోగాలతో పోరాడే తెల్లరక్తకణాల్లో ఒకటైన టి-కణం మేలుకోవడాన్ని పదేళ్లుగా బ్యాంకు లాకరుతో పోల్చి చెబుతున్నాను. ఖాతాదారు చెవి, మేనేజరు చెవి రెండూ తిరిగితేనే తలుపు తెరుచుకుంటుంది. డెండ్రైటిక్ కణం అనే కాపలా కణం చూపించే ప్రతిజనకం (శరీరం పరాయిదని గుర్తించే పదార్థం) ముక్కను టి-కణ గ్రాహకం గుర్తుపట్టడం మొదటి చెవి, అంటే మొదటి సంకేతం. ఆ కణం మీదే ఉన్న బి7 అణువులు టి-కణం మీది సిడి28 అనే గ్రాహకాన్ని తాకడం రెండో చెవి, అంటే రెండో సంకేతం. ఈ ఏడాది ఈ పోలికను మానేయాలనుకుంటున్నాను. 1996లో వియోలా, లాంజవెక్కియా అనే శాస్త్రవేత్తలు లెక్కగట్టి చూశారు. సిడి28 సాయం లేనప్పుడు టి-కణం మేలుకోవడానికి సుమారు 8,000 గ్రాహకాలు పనిచేయాల్సి వచ్చింది. సాయం ఉన్నప్పుడు 1,500 సరిపోయాయి. మేనేజరు రాకపోయినా గట్టిగా లాగితే తెరుచుకునేది లాకరు ఎలా అవుతుంది? మా ఊరి చెరువు తూమే దీనికి సరైన పోలిక. నీరటి షట్టరును ఎన్ని చుట్లు తిప్పితే అన్ని నీళ్లు వస్తాయి. మీరేమంటారు?

పాలమూరు మైక్రోబయాలజీ:
సార్, నేను ఒప్పుకోను. 1987లో జెంకిన్స్, ష్వార్ట్జ్ అనే శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాన్ని గుర్తుచేసుకోండి. ప్రతిజనకం చూపించే కణాలను రసాయనంతో బిగుసుకుపోయేలా చేసి టి-కణాలకు చూపించారు. మొదటి సంకేతం అందింది, రెండోది అందలేదు. టి-కణాలు విభజన చెందలేదు. అంతటితో ఆగితే మీ తూము నిలబడేది. కానీ ఆ తర్వాత ఆరోగ్యంగా ఉన్న కణాలతో అదే ప్రతిజనకాన్ని చూపించినా అవి పలకలేదు. ఈ స్థితినే అనర్జీ అంటున్నాం. నీళ్లు తక్కువైతే చేను తక్కువ తడుస్తుంది, అంతే. నిరుడు నీళ్లు అందలేదని ఈసారి తడిపినా మొలకెత్తనని ఏ చేనూ మొండికేయదు!

ఇది చిన్న విషయం కాదు. మన ఒంటినే పరాయిదనుకునే టి-కణాలను, అవి పెరిగే థైమస్ గ్రంథి చాలావరకు ఏరేస్తుంది. బియ్యంలో రాళ్లు ఏరినట్టే, కొన్ని మిగిలిపోతాయి. వాటిని అదుపులో ఉంచే మార్గాల్లో అనర్జీ ఒకటి. పాఠంలో అనర్జీ పేజీ పోతే పిల్లలకు అసలు సంగతే తెలియదు.

నల్లగొండ జువాలజీ లెక్చరర్:
అనర్జీని తీసేయను. కానీ ఆ మొండికేసిన కణాలకు టి-కణాల పెరుగుదలకు తోడ్పడే ఇంటర్‌ల్యూకిన్-2 అనే ప్రోటీను అందిస్తే మళ్లీ దారికి వచ్చాయి కదా. పైగా 1993లో సిడి28 లేని ఎలుకలు కూడా ఒక వైరస్ సోకినప్పుడు చంపే టి-కణాలను తయారుచేసుకోగలిగాయి.

పాలమూరు మైక్రోబయాలజీ:
సిడి28 లేకపోతే రెండో సంకేతం అందుకునే 4-1బిబి, ఓఎక్స్40 వంటి వేరే గ్రాహకాలు ఉన్నాయి. మేనేజరు సెలవులో ఉంటే అసిస్టెంట్ మేనేజరు వస్తాడు. అంతమాత్రాన రెండో చెవే అక్కర్లేదని అంటామా?

దేవరకొండ ఏఎన్‌ఎం:
మీ అంత చదువు నాకు లేదు, చేతితో చేసే పని చెబుతాను. పెంటావాలెంట్ టీకా గడ్డకట్టిందేమోనని అనుమానం వస్తే షేక్ టెస్ట్ చేస్తాం. కావాలని గడ్డకట్టించి కరిగించిన వయల్ ఒకటి, అనుమానం ఉన్నది ఒకటి చేతిలో పట్టుకుని బాగా ఊపి బల్ల మీద పక్కపక్కన నిలబెడతాం. గడ్డకట్టినదానిలో తెల్లటి పొరకలు త్వరగా అడుగుకు దిగుతాయి, పైన నీరు తేటపడుతుంది. అనుమానం ఉన్నదీ అంతే వేగంగా దిగితే ఆ టీకా పిల్లలకు వేయం. దిగేది అల్యూమినియం మందు అని శిక్షణలో చెప్పారు. దానికీ మీరు చెప్పే రెండో సంకేతానికీ సంబంధం ఉందా సార్?

నల్లగొండ జువాలజీ లెక్చరర్:
ఉందమ్మా, చాలా దగ్గరి సంబంధం. శుద్ధి చేసిన ప్రోటీను ఒక్కటే ఎక్కిస్తే శరీరం పెద్దగా పట్టించుకోదు. అల్యూమినియం లవణం వంటిది కలిపితేనే గట్టిగా స్పందిస్తుంది. 1989లో చార్లెస్ జేన్‌వే అనే శాస్త్రవేత్త దీన్ని రోగనిరోధక శాస్త్రవేత్తల మురికి రహస్యం అన్నాడు. ప్రమాదం ఉందన్న కబురు అందితేనే డెండ్రైటిక్ కణం బి7ను నిండుగా బయట పెడుతుంది. ఆ కబురు అందించడంలో మీ వయల్‌లోని తెల్లటి మందుకు పాత్ర ఉంది.

మిర్యాలగూడ నుంచి ఒక కూతురు:
అమ్మకు కీళ్లవాతం. పొద్దున లేవగానే చీరకు పిన్ను పెట్టుకోలేకపోయేది, వేళ్లు వంగేవి కావు. డాక్టరు అబటాసెప్ట్ రాశారు. అది బి7ను ముందే పట్టేసుకుని సిడి28కు దొరకనివ్వదని వివరించారు. ఇప్పుడు పిన్ను తనే పెట్టుకుంటోంది. మధ్యలో జ్వరం వచ్చినా తగ్గింది. తాళం పూర్తిగా పడి ఉంటే జ్వరం ఎలా తగ్గేది? నా ఓటు తూముకే.

పాలమూరు మైక్రోబయాలజీ:
అమ్మగారి సంగతి విని సంతోషమైంది. నా వాదనకు అడ్డం వచ్చే మాటే అయినా దాచను. 2006లో లండన్‌లో టిజిఎన్1412 అనే యాంటీబాడీని ఆరుగురు ఆరోగ్యవంతులకు ఇచ్చారు. అది నేరుగా సిడి28ను పట్టి, ప్రతిజనకంతో పని లేకుండానే టి-కణాలను లేపింది. గంటల్లోనే అవయవాలు దెబ్బతిన్నాయి. ఆరుగురూ బతికారు, కానీ ఐసియు దాకా వెళ్లారు. ఒక్క చెవితోనే తెరుచుకున్నందుకు లాకరు పోలిక ఓడిపోయింది, ఒప్పుకుంటున్నాను. అయితే మీ తూముకు దించే చెయ్యి ఏది సార్? టి-కణాలను అణిచిపెట్టే సిటిఎల్ఏ-4 అనే గ్రాహకం లేని ఎలుకపిల్లలు మూడు నాలుగు వారాలకే చనిపోయాయని 1995లోనే చూశారు.

నల్లగొండ జువాలజీ లెక్చరర్:
ఆ చెయ్యి సిటిఎల్ఏ-4దే. బి7ను సిడి28 కన్నా గట్టిగా పట్టుకుంటుంది, అవతలి కణం మీది నుంచి పీకి మింగేస్తుంది కూడా. పాఠంలో షట్టరు ఎత్తేవాడినీ దించేవాడినీ కలిపే చెబుతాను. నీళ్లు అందక మొండికేసే చేనుకు మాత్రం మా చెరువు కింద పోలిక దొరకలేదు. అక్కడ పోలిక వదిలేసి 1987 ప్రయోగాన్నే బోర్డు మీద గీస్తాను. ఏఎన్‌ఎం మేడమ్, మీకు వీలైన రోజు ఆ రెండు వయళ్లు ఊపి మా పిల్లలకు చూపిస్తారా?

దేవరకొండ ఏఎన్‌ఎం:
టీకాల రోజులు బుధ, శనివారాలు. గురువారం వస్తాను సార్.