సమస్య: ‘మూత పెట్టినంత ముక్తుడయ్యె’ – పూరణలు, సమీక్ష

నిర్వాహకుడు: మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

మూత పెట్టినంత ముక్తుడయ్యె

మూత పెడితే ఎవరైనా బందీ అవుతారు, విడుదల కారు. ఆ చిక్కు విప్పాలి. విషయం రంగస్థల ఇంద్రజాలం, ముఖ్యంగా సంకెళ్ళలోంచి, పెట్టెల్లోంచి బయటపడే ఆటల చరిత్ర. కర్ణుడి పెట్టెను తేవద్దని, ప్రశ్నలు పేర్చి చివర వరుసగా జవాబులిచ్చే క్రమాలంకారం వెనక దాక్కోవద్దని ముందే మనవి చేశాను. ఆ ఆట నిజంగా ఎలా జరిగిందో తెలుసుకుంటే చిక్కు అక్కడే విడిపోతుందని నా నమ్మకం. అందుకే ఛందస్సుతో పాటు విషయాన్ని కూడా అంతే పట్టుగా చూశాను.

వచ్చినవాటిలో ఎక్కువ భాగం అమెరికా ఇంద్రజాలికుడు హుడినీ మీదే. అసలు పేరు ఎరిక్ వైస్. 1874లో బుడాపెస్టులో పుట్టి, చిన్నప్పుడే కుటుంబంతో అమెరికాలోని ఆపిల్టన్‌కు వెళ్ళాడు. గడియారాలు చేసే పని నుంచి ఇంద్రజాలంలోకి వచ్చిన ఫ్రెంచి మహనీయుడు రాబర్ట్ హుడాన్ మీద అభిమానంతో ఆయన పేరునే కాస్త మార్చి పెట్టుకున్నాడు.

బందరు బాబాయి గారు:

పాల బిందెలోన పట్టుగా గూర్చుండి
నీళ్ళు పొర్లిపోవ నిండ మునిగి
మెడయె కదలి రాగ మీది తాళము లుండ
మూత పెట్టినంత ముక్తుడయ్యె

నిర్వాహకుడు: బాబాయి గారూ, మూడో పాదానికి చేతులెత్తి నమస్కారం. కిటుకు మొత్తం అక్కడే ఉంది. 1908 జనవరిలో సెయింట్ లూయిస్‌లో హుడినీ ఈ ఆట మొదలుపెట్టాడు. మనిషి ముడుచుకుని కూర్చుంటే సరిపోయేంత ఇనుప పాలక్యాను, పైన ఇరుకు మెడ. అంచుదాకా నీళ్ళు నింపి ఉన్నదాంట్లోకి అతను దిగితే నీళ్ళు పొంగి స్టేజీ మీదికి పారేవి. ఆ పారడం చూసే జనానికి టెన్షన్ మొదలయ్యేది. మూత పెట్టి ఆరు తాళాలు వేసేవాళ్ళు. ప్రేక్షకులను కూడా తనతో పాటు ఊపిరి బిగపట్టి చూడమనేవాడు. అర నిమిషం దాటేసరికి హాల్లో సగం మంది ఊపిరి వదిలేస్తారు, అతను మాత్రం ఇంకా లోపలే. అసలు సంగతేమిటంటే మెడను ఒంటికి బిగించిన రివిట్లు ఉత్త చూపుకే. తాళాలు తాళాల్లాగే ఉంటాయి, మెడ మెడగానే ఊడి వస్తుంది.

‘బిందె’ అనగానే చంకన పెట్టుకునే పాత్ర గుర్తొస్తుందని ఒకరిద్దరు మిత్రులు అభ్యంతరం చెప్పారు. నిజమే గానీ ‘పాలక్యానులోన’ అంటే ‘క్యా’ ముందున్న ‘ల’ గురువై (బరువక్షరమై) మూడు మాత్రల సూర్యగణం చెడుతుంది. బిందెనే ఉంచుదాం.

డాలస్ అక్కయ్య:

మూడు చప్పటులకె మూటలో సతి చేరె
పెట్టెముందు పతియె పేర్మి నిలిచె
తాళ మట్లె యుండ తాడు ముడి విడక
మూత పెట్టినంత ముక్తుడయ్యె

నిర్వాహకుడు: అక్కయ్యా, రెండో పాదంలో ‘పేర్మి’ యతి కోసం, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరం కోసం తెచ్చింది. గొప్పగా నిలబడటం ఇక్కడ కథకేమీ పనికిరాదు. ‘పెట్టెముందు నిలిచి పెనిమిటి నగె’ అంటే ఎలా ఉంటుంది? గణాలు, యతి సరిపోతాయి, పైగా ఆ మనిషి కళ్ళముందు కనిపిస్తాడు.

డాలస్ అక్కయ్య: చాలా బాగుంది తమ్ముడూ, అలాగే మార్చుకుంటాను. ఇందులో నాకు నచ్చేది బెస్. హుడినీ 1894లో ఆమెను పెళ్ళాడాడు. అంతకుముందు ఈ ఆటను తమ్ముడితో కలిసి ఆడేవాడు. చేతులు కట్టేసిన భర్త గోనెసంచిలో, సంచి పెట్టెలో, పెట్టెకు తాళం, పైన తాడు. ఆమె తెర లాగి మూడు చప్పట్లు కొడితే మూడో చప్పట్లకు తెర తీసేది ఆయన. పెట్టె విప్పి చూస్తే సంచిలో ఆమె. సన్నగా, పొట్టిగా ఉండే బెస్ అంత చురుగ్గా కదలకపోతే ఆ ఆటే లేదు. పేరు మాత్రం ఆయనకే వచ్చింది.

నిర్వాహకుడు: ఆ మాట పద్యంలోకి వస్తే ఇంకా గొప్పగా ఉండేది. వచ్చేసారి బెస్ వైపు నుంచి ఒక పద్యం మీరే రాయాలి.

తిరుపతి విద్యార్థి: గురువు గారూ, మొదటిసారి ప్రయత్నిస్తున్నాను. తప్పులుంటే దిద్దండి.

కాళ్ళు బొండకొయ్య గట్టిగా బిగియించి
తలయె కిందుగాగ నీట దించ
అద్దమునకు బైట నందరు జూడగా
మూత పెట్టినంత ముక్తుడయ్యె

నిర్వాహకుడు: నాయనా, మొదటిసారే ‘బొండకొయ్య’ పట్టావు, సంతోషం. వెనకటి రోజుల్లో ఖైదీల కాళ్ళు బిగించే కొయ్య అది. హుడినీ నీటి పెట్టెలో కాళ్ళకు వేసింది అచ్చంగా అదే, మహాగని చెక్కతో చేసింది. మొదటి పాదం యతి ‘కా–గ’ సరిగ్గా పడింది. రెండో పాదంలో ‘త’కు ‘నీ’తో యతి కుదరదు. ఇలా మార్చు:

నీట తలయె మునుగ నిట్టనిలువు

నీట, తలయె, మునుగ, నిట్ట, నిలువు. ఐదూ సూర్యగణాలే, యతి ‘నీ–ని’. మూడో పాదం చివర ‘జూడగా’ ర-గణం, అక్కడ రావాల్సిన ఇంద్రగణాల్లో ఒకటే, ఏ ఇబ్బందీ లేదు.

బందరు బాబాయి గారు: నాదొక సందేహం. ఈ పద్యంలో మూత ఎక్కడుంది? మూతే లేకపోతే సమస్య నెరవేరినట్టా?

నిర్వాహకుడు: చాలా మంచి ప్రశ్న. నేనూ మొదట అదే అనుకుని ఆ పెట్టె నిర్మాణం మళ్ళీ చదివాను. కాళ్ళు బిగించిన ఆ బొండకొయ్యే పెట్టెకు మూత! మనిషిని తలకిందులుగా దించగానే చట్రం పెట్టె అంచుల మీద కూర్చుంటుంది, దాన్ని తాళాలతో బిగిస్తారు. అంటే కాళ్ళ సంకెల, పై కప్పు ఒకటే వస్తువు. కాళ్ళు విడిపించుకుంటే మూత తెరవడం కూడా సగం అయిపోయినట్టే. కుర్రాడికి తెలిసో తెలియకో సమస్యకు అన్నిటికంటే దగ్గరగా వచ్చాడు.

తిరుపతి విద్యార్థి: తెలిసి రాయలేదండీ. బొండకొయ్య మా తాతయ్య చెప్పిన మాట, అంతే. అందులోనే మునిగి హుడినీ చనిపోయాడని విన్నాను, నిజమేనా?

నిర్వాహకుడు: కాదు. చాలామంది అలాగే నమ్ముతారు. 1912 సెప్టెంబరులో బెర్లిన్‌లోని బుష్ సర్కస్‌లో మొదలుపెట్టి బతికినన్నాళ్ళూ ఆ పెట్టెలోంచి ప్రాణాలతోనే బయటికి వచ్చాడు. చావు వచ్చిన దారి వేరు. ఈ కింది పద్యం దాని గురించే.

నెల్లూరు అమ్మాయి:

పెట్టెలెన్నొ గెలిచి పేరుమోసినవాడు
కడుపు పోటుచేత కన్ను మూసి
ఆటకొరకు చేసినట్టి పేటికయందె
మూత పెట్టినంత ముక్తుడయ్యె

నిర్వాహకుడు: అమ్మా, ఈ వారం నాకు అన్నిటికంటే నచ్చిన పూరణ ఇది. ముందు చిన్న దిద్దుబాటు. ‘మూసి’ క్త్వార్థకం (పని ముగియని క్రియ) కాబట్టి తర్వాతి అచ్చుతో సంధి జరగదు, యడాగమం వస్తుంది, అంటే మధ్యలో ‘య’ చేరుతుంది. అందుకని మూడో పాదాన్ని ‘యాటకొరకు’ అని మొదలుపెట్టాలి. యతి అచ్చుకే కాబట్టి ‘ఆ–అ’ మైత్రి చెడదు.

ఇక విషయం. 1926 అక్టోబరు 22న మాంట్రియల్‌లో ఒక విద్యార్థి హుడినీ పొట్ట మీద గుద్దాడు. సోఫాలో ఒరిగి ఉన్న మనిషి దెబ్బ కాచుకోవడానికి సిద్ధంగా లేడు. రెండు రోజుల తర్వాత డెట్రాయిట్‌లో ఒళ్ళు కాలిపోతున్నా స్టేజీ ఎక్కి ఆట పూర్తిచేశాడు. అప్పటికే అపెండిక్స్ పగిలి లోపలంతా విషం పాకింది. పెన్సిలిన్ ఇంకా లేని కాలం. అక్టోబరు 31న ఆస్పత్రిలో ప్రాణం పోయింది, వయసు 52. ఆ దెబ్బే కారణమా, అపెండిక్స్ ముందే చెడి ఉందా అని వైద్యులు ఇవాళ్టికీ వాదించుకుంటున్నారు.

సజీవ సమాధి ఆట కోసం అప్పటికే ఒక కంచు శవపేటిక చేయించుకుని ఉన్నాడు. మిగతా సామానంతా న్యూయార్క్ వెళ్ళిపోగా అదొక్కటే వెనక ఉండిపోయింది. అతన్ని డెట్రాయిట్ నుంచి అందులోనే తీసుకెళ్ళారు, క్వీన్స్‌లోని మాక్పెలా శ్మశానంలో అందులోనే పాతిపెట్టారు. ‘ఆటకొరకు చేసినట్టి పేటికయందె’. ఆ చివరి ‘ఎ’కారం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

డాలస్ అక్కయ్య: అమ్మాయ్, ఆయన తండ్రి యూదు పురోహితుడు. మన ‘ముక్తి’ భావాన్ని ఆయనకు అంటగట్టవచ్చా?

నెల్లూరు అమ్మాయి: ఆలోచించానండీ. మోక్షం అనే అర్థంలో వాడలేదు. ఆ నొప్పిలోంచి, రోజుకో సవాలులోంచి విడుదల అనే వాడాను. అందుకే రెండో పాదంలో కడుపు పోటు పెట్టాను.

నిర్వాహకుడు: సమాధానం బాగుంది. పద్యం నిలబడుతుంది.

కొత్తగూడెం మాస్టారు:

కొలని పెట్టెలోన కుదిరి గంటన్నర
మెదలకుండ గాలి మితము చేసి
యూపిరాడ దనెడు నుత్త భయమునుండి
మూత పెట్టినంత ముక్తుడయ్యె

నిర్వాహకుడు: మాస్టారూ, చిక్కు విప్పిన తీరు కొత్తగా ఉంది. బయటికి రావడం కాదు, భయం పోవడమే ముక్తి అన్నారు. ఒకే ఒక్క అనుమానం. మొదటి పాదంలో గంటన్నర అంటారు, చివర పెట్టినంత అంటారు. రెంటికీ పొసుగుతుందా?

కొత్తగూడెం మాస్టారు: పొసుగుతుందండీ. గంటన్నర ఉన్నది ఒళ్ళు. భయం పోయింది మాత్రం మూత పడ్డ క్షణంలోనే, లేకపోతే గంటన్నర ఉండేవాడే కాదు. 1926 ఆగస్టు 5న న్యూయార్క్‌లో షెల్టన్ హోటల్ ఈత కొలనులో జరిగిందిది. అంతకుముందు రెహమాన్ బే అనే ఫకీరు సమాధి స్థితిలోకి వెళ్ళి గంటసేపు నీటి అడుగున పెట్టెలో ఉన్నానని చెప్పుకున్నాడు. అందులో సమాధీ లేదు, మహిమా లేదు, కంగారు పడకుండా పైపైన ఊపిరి తీసుకుంటే ఎవరైనా ఉండగలరని నిరూపించడానికి హుడినీ జస్తు రేకు పెట్టెలో పడుకున్నాడు. లోపల ఒక ఫోను, ఒక గంట. మొత్తం 91 నిమిషాలు. కిటుకు లేని ఆట కాబట్టే ఇది నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపిస్తుంది.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ తర్వాత ఆయన తన అనుభవమంతా అమెరికా గనుల శాఖకు చెందిన ఒక వైద్యుడికి ఉత్తరంగా రాశాడు. గనిలో చిక్కుకున్నవాళ్ళు భయంతో రొప్పితే ఉన్న గాలి త్వరగా అయిపోతుంది, నింపాదిగా ఉంటే ఇంకాసేపు బతుకుతారని ఆయన తపన. మా నాన్నగారు సింగరేణి భూగర్భ గనిలో దిగిన మనిషి. ఆయన ఏ రోజు ఆలస్యంగా ఇంటికొచ్చినా అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉండేది. అందుకే ఈ పద్యం రాశాను.

నిర్వాహకుడు: నా అనుమానం తీరింది. పద్యంలో ఒక్క అక్షరం కూడా మార్చనవసరం లేదు.

పాలమూరు పెద్దాయన: హుడినీ దాకా ఎందుకు? మన వీధి గారడీ ఒకటుంది కదా.

బుట్టలోని బాలు బొడిచెను కత్తితో
గుండె లదర జనము గొల్లుమనగ
వెనుక నుండి వాడె వెలికి నవ్వుచు వచ్చె
మూత పెట్టినంత ముక్తుడయ్యె

నిర్వాహకుడు: పెద్దాయన గారూ, ఇలాంటిదొకటి ఎవరో ఒకరు పంపాలని ఎదురుచూశాను. చుట్టూ జనం, పైన పరదా లేదు, కింద తెరుచుకునే పలక లేదు, నేల మీద ఒక బుట్ట. పందొమ్మిదో శతాబ్దంలో మన దేశానికి వచ్చిన తెల్లవాళ్ళు చూసి రాసుకున్న ఆటల్లో ఈ బుట్ట ఆట, కళ్ళముందే మామిడి మొక్క మొలిపించే మామిడి చెట్టు ఆట ముందుంటాయి. ఆ శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే రామో సామీ అనే మనవాడు లండన్ వెళ్ళి రంగస్థలం మీద కత్తి మింగి పేరు తెచ్చుకున్నాడు. హుడినీ సూదులు, దారం మింగి, దారానికి గుచ్చిన సూదులను నోట్లోంచి లాగే ఆటకు ‘ఈస్ట్ ఇండియన్’ సూదుల ఆట అనే పేరే ఉంది. బుట్ట పట్టుకుని ఊరూరా తిరిగినవాళ్ళ పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. మీ ‘గొల్లుమనగ’ అనే ఒక్క మాటలో మా ఊరి సంత కనిపించింది.

మొదటి పాదంలో ‘బాలుఁ బొడిచెను’ అని అరసున్న పెడితే ద్వితీయా విభక్తి (‘బాలుణ్ణి’ అనే అర్థం) స్పష్టంగా ఉంటుంది. మూడో పాదంలో ‘వెనుక’ అంటే ఎవరి వెనుక అని ప్రశ్న వస్తుంది, గుంపు వెనుక అని రెండో పాదంలోని ‘జనము’ను బట్టి తీసుకున్నాను.

తిరుపతి విద్యార్థి: గురువు గారూ, నీటి పెట్టె ఆట చిన్నగా మా కాలేజీ ఫెస్ట్‌లో చేద్దామని మిత్రులు అంటున్నారు.

నిర్వాహకుడు: నాయనా, వద్దు. 2019 జూన్‌లో కోల్‌కతాలో మాండ్రేక్ పేరుతో ఆటలు ఆడే చంచల్ లాహిరి గొలుసులతో హుగ్లీ నదిలోకి దిగి మళ్ళీ పైకి రాలేదు. అంతకుముందు అలాంటి ఆటలు చేసి బయటపడ్డ అనుభవజ్ఞుడాయన. స్టేజీ మీద హుడినీ నీటి పెట్టెలో ఉన్నప్పుడు పక్కనే గొడ్డలి పట్టుకుని సహాయకుడు నిలబడి ఉండేవాడు, అవసరమైతే అద్దం పగలగొట్టడానికి. మీ ఫెస్ట్‌లో పేకముక్కల ఆట పెట్టండి, కావాలంటే దానికి పద్యాలు నేను రాసి పంపుతాను.

వచ్చే వారం సమస్య, ఇదీ ఆటవెలది నాలుగో పాదమే:

రంపమెత్తి కోయ రమణి నవ్వె

1921 జనవరి 17న లండన్‌లోని ఫిన్స్‌బరీ పార్క్ ఎంపైర్ అనే థియేటర్లో సెల్బిట్ అనే ఇంద్రజాలికుడు, పెట్టెలోని అమ్మాయిని రంపంతో కోసే ఈ ఆటను మొదటిసారి జనం ముందు ఆడాడు. 1956లో మన ఇంద్రజాలికుడు పి.సి. సర్కార్ బీబీసీ టీవీలో అమ్మాయిని కోసినప్పుడు అమ్మాయి లేవకముందే కార్యక్రమం సమయం అయిపోయింది, కంగారుపడ్డ జనం ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ఈ రెంటిలో దేన్నైనా తీసుకోండి. పెట్టెలో పడుకున్న అమ్మాయి వైపు నుంచి రాసినవారికి నా ప్రత్యేక ధన్యవాదాలు. డాలస్ అక్కయ్య పద్యం కోసం ఎదురుచూస్తుంటాను.